మేవా సంచీలో పండెంత, పప్పెంత?

బజారులో ‘డ్రై ఫ్రూట్స్’ అని బోర్డు పెట్టిన కొట్టు ఏదైనా చూడండి. ఆ మాటకు ఎండు పండ్లు అని అర్థం. తీరా చూస్తే ముందు వరస డబ్బాల్లో ఉండేవి జీడిపప్పు, బాదంపప్పు, పిస్తా, అక్రోటు. వాటి వెనకాల ఎక్కడో కిస్‌మిస్, ఖర్జూరం, అంజీరు, ఖుబానీ. పండ్ల పేరు మీద నడిచే కొట్టులో గింజలదే పెత్తనం! వీటన్నిటినీ ఒక్క మాట కింద మూటగట్టింది ఎవరా అని మాటల మీద సరదాతోనే వెతకడం మొదలుపెట్టాను. పోనుపోను ఇందులో ప్రాణం మీదికి వచ్చే సంగతి కూడా ఒకటి ఉందని తెలిసింది.

ఆ సంగతి ముందే చెబుతాను. జీడిపప్పో, బాదమో, వేరుశనగో ఒంటికి సరిపడని పిల్లలు ఉంటారు. మన భాషలో దీనికి ‘పడదు’ అని ఒక చక్కని మాట ఉంది. చక్కనిదే గాని చాలా వెడల్పయిన మాట. వంకాయ పడదంటే దురద పుడుతుందని కావచ్చు, వాతం చేస్తుందని కావచ్చు, అసలు ఇష్టం లేదనీ కావచ్చు. అందుకే ‘మా వాడికి జీడిపప్పు పడదు’ అని తల్లి చెబితే, ‘ఒక్క పలుకు తింటే ఏమవుతుందమ్మా’ అని పెద్దలు ప్రేమగా నోట్లో పెట్టబోతారు. నిజమైన ఎలర్జీ ఉన్నవాళ్ళకు ఆ ఒక్క పలుకే చాలు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, గొంతు బిగిసి, ఊపిరి అందని స్థితి వస్తుంది. అప్పుడు కావలసింది వాము కషాయం కాదు, అడ్రినలిన్ ఇంజెక్షన్.

ఆ మధ్య మా సోలాపూరులోనే ఒక పెళ్ళిలో, ఇలాంటి పిల్లవాడి తల్లి మిఠాయి వడ్డించే అబ్బాయిని అడిగింది, ఇందులో నట్స్ ఏమైనా ఉన్నాయా అని. ‘నట్స్ ఏం లేవక్కా, ఒట్టి డ్రై ఫ్రూట్సే’ అన్నాడతను. అతను అబద్ధం చెప్పలేదు. అతనికి తెలిసిన భాషలో అది సరైన జవాబే. ఆమె నమ్మలేదు కాబట్టి సరిపోయింది.

ఈ తికమక నిన్న మొన్నటిది కాదు, ఒంటెల మీద వచ్చింది. ద్రాక్ష మన దేశానికి వాయవ్యం నుంచి వచ్చిన సరుకని పాత పుస్తకాలే చెబుతాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ద్రాక్ష మద్యానికి కాపిశాయనమని, హారహూరకమని పేర్లున్నాయి. కాపిశి అంటే నేటి కాబూలుకు ఉత్తరాన ఉన్న సీమ. చరక సంహితలో ద్రాక్షకు మృద్వీక అని పేరు. పచ్చి ద్రాక్ష ఆ కొండలు దాటి మన దాకా రావాలంటే దారిలోనే కుళ్ళిపోతుంది; ఎండినదైతే ఏడాదైనా ఆగుతుంది. కనుక దక్షిణాదిలో చాలామంది ద్రాక్షను పండుగా చూడకముందు కిస్‌మిస్‌గానే చూసి ఉంటారని నా ఊహ.

ఆ సరుకు తెచ్చినవాళ్ళు ఆఫ్ఘన్ సంచార వర్తకులు, పొవిందాలు. శీతకాలం మొదట్లో గోమల్ కనుమ గుండా దిగివచ్చేవాళ్ళు. ఒంటెల మీద కిస్‌మిస్, ఖుబానీ, బాదం, పిస్తా, ఇంగువ. అక్కడి నుంచి రైలెక్కి కలకత్తా దాకా పోయి, వేసవి ముదిరే లోపు మళ్ళీ కొండలెక్కేవాళ్ళు. రవీంద్రుడు 1892లో రాసిన ‘కాబూలీవాలా’ కథలో రహమత్ భుజాన ఉన్న సంచీలోంచి మినీ కోసం కిస్‌మిస్, ఖుబానీ బయటికి తీస్తాడు. ఆ చేత్తోనే పిస్తా బాదం కూడా ఇస్తాడు. పండూ గింజా ఒకే సంచీలో వచ్చాయి, ఒకే మనిషి చేతిలోంచి వచ్చాయి. ఫారసీలో మేవా అంటే పండు. ఎండు సరుకు ఖుష్క్ మేవా. ఒంటె మీద ఉన్నదంతా ఖుష్క్ మేవాయే అయినప్పుడు, అందులో గుజ్జు ఏది, గింజ ఏది అని విడదీసి పేరు పెట్టవలసిన పని వర్తకుడికి లేదు. ఇంగ్లీషువాడి కాలంలో ఆ ఖుష్క్ మేవానే ‘డ్రై ఫ్రూట్స్’ అని తర్జుమా అయిందని నా అభిప్రాయం. ఇంగ్లండులో ‘డ్రైడ్ ఫ్రూట్’ అంటే ఎండిన పండే. గింజలకు అక్కడ వేరే మాట ఉంది. ఆ తేడా మన బజారుకు రాలేదు.

(ఇంగువ సంగతి ఎత్తాను కాబట్టి ఒక మాట. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడనివాళ్ళు అక్కడా చూసుకోవాలి.)

ఇక మన తెలుగు ఏం చేసిందో చూడండి. ఫారసీ ఒక్క మూట కట్టినదాన్ని మనవాళ్ళు విప్పి సర్దుకున్నారు. జీడిపప్పు, బాదంపప్పు, పిస్తాపప్పు, సారపప్పు, వేరుశనగపప్పు. తొక్కో చిప్పో పగలగొట్టి లోపలి పలుకు తీసి తినేదంతా పప్పు. ఎండుద్రాక్షకు గాని, ఖర్జూరానికి గాని ఆ తోక తగిలించలేదు. జీడిపప్పు మన దేశానికి పోర్చుగీసువారి వెంట బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో వచ్చినా, వేరుశనగ కూడా దక్షిణ అమెరికాదే అయినా, వచ్చీరాగానే పప్పు వరసలో చేరిపోయాయి. వృక్షశాస్త్రం ప్రకారం వేరుశనగ చిక్కుడు జాతిది. ‘నట్స్’ అనే ఇంగ్లీషు మాటలో దాన్ని చేర్చాలా వద్దా అని చట్టాలు రాసేవాళ్ళు విడివిడిగా పేర్కొనవలసి వచ్చింది. మన ‘పప్పు’ రెంటినీ సహజంగానే పట్టుకుంది. కందిపప్పు, పెసరపప్పు కూడా అందులోకే వస్తాయనుకోండి. అంత కచ్చితమైన మాట కాదు. అయినా ‘ఇందులో పప్పులేమైనా వేశారా?’ అన్న ప్రశ్న ‘డ్రై ఫ్రూట్స్ వేశారా?’ అన్నదాని కన్నా ఎన్నో రెట్లు నయం.

కాని మనం ఆంధ్రదేశంలో లేము. చుట్టూ ఉన్న భాషలు మన నోళ్ళలో ఆ తోకను కత్తిరించాయి. ఇక్కడి మన పిల్లలు కాజూ, బదామ్ అంటారు. కన్నడ దేశంలో ఉన్నవాళ్ళు గోడంబి అంటారు. తమిళనాడులో ఉన్నవాళ్ళు కాస్త అదృష్టవంతులు, అక్కడ ముందిరిప్పరుప్పు అనే మాటలో పప్పు ఇంకా బతికే ఉంది. అయితే అక్కడే ఒక గొయ్యి ఉంది. తమిళంలో ముందిరి అంటే జీడి. కోయంబత్తూరు దాటి పాలక్కాడు వైపు దిగితే, మలయాళంలో ముందిరి అంటే ద్రాక్ష, ఉణక్కముందిరి అంటే ఎండుద్రాక్ష! తమిళంలోనూ ద్రాక్షకు కొడిముందిరి అనే పాత పేరుంది. ఒకే మాట కొండకు ఇటు పప్పు, అటు పండు. బరంపురం వైపు ఉన్నవాళ్ళది ఇంకో ఇబ్బంది. ఒడియాలో చినాబాదాం అంటే వేరుశనగ, వాడుకలో ఒట్టి బాదాం అన్నా తరచు అదే. మన బాదంపప్పు వేరు. మన పెరట్లో బాదం చెట్టు మళ్ళీ వేరు. యానాం వాళ్ళకు పాత ఫ్రెంచి చదువు గుర్తుంటే తెలుస్తుంది, ఫ్రెంచిలో ‘రెజాఁ’ పచ్చి ద్రాక్ష. ఎండిందయితే ‘రెజాఁ సెక్’. ఇంగ్లీషువాళ్ళు ఆ మాట అరువు తెచ్చుకుని ఎండినదానికే కట్టబెట్టారు. మరాఠీలో కిస్‌మిస్‌ని బేదాణా అంటారు. అది ఫారసీలో ‘బే దానా’, గింజ లేనిది. పేరులోనే గింజ లేదని రాసి ఉన్న పండును తీసుకెళ్ళి గింజల మధ్య అమ్ముతున్నాం!

ఆ బేదాణా మా జిల్లాలో పుష్కలం. సోలాపూరు, పక్కన సాంగ్లీ, దిగువన విజయపుర, ఈ మూడు జిల్లాల నల్లరేగడి, ఎండ, పొడిగాలి కలిసి మన దేశపు కిస్‌మిస్‌లో సింహభాగం తయారుచేస్తున్నాయి. మూలం థామ్సన్ సీడ్‌లెస్ అనే రకం. పేరు ఇంగ్లీషుదే గాని పండు పాత ఇరాన్, తుర్కీ సీమల కిష్మిషే. విలియం థామ్సన్ అనే ఇంగ్లీషు రైతు 1872లో న్యూయార్కు రాష్ట్రంలోని ఒక నర్సరీ నుంచి కొమ్మలు తెప్పించుకుని కాలిఫోర్నియాలో నాటాడు. పండుకు అతని పేరు నిలిచిపోయింది. మన దేశంలో దాన్నుంచి రైతులే కొత్త రకాలు ఎంచి తీశారు. సోలాపూరు పక్కన నన్నజ్‌లో నానాసాహెబ్ కాళే సోనాకా తీశారు. సాంగ్లీ జిల్లాలోని తాస్‌గావ్ పేరు మీద తాస్-ఎ-గణేశ్ వచ్చింది. మన హైదరాబాదుకు అనాబ్-ఎ-షాహీ అనే గొప్ప ద్రాక్ష ఉండేది గాని దానికి గింజలున్నాయి, తినడానికి తప్ప కిస్‌మిస్‌కు పనికిరాలేదు.

ద్రాక్షను ఎండబెట్టడమంటే ఎండలో పడెయ్యడమేగా అనుకుంటాం. ఆఫ్ఘనిస్థాన్‌లో అలా ఎండలో ఎండినదాన్ని ఆఫ్తాబీ అంటారు, ఆఫ్తాబ్ అంటే సూర్యుడు. అది గోధుమ రంగుకు తిరుగుతుంది. నీడలో ఎండినది సాయగీ, ఆకుపచ్చగా ఉంటుంది. దానికోసం మట్టిగోడల్లో వరసగా కంతలు పెట్టి, గాలి ఆడేలా కట్టిన కిష్మిష్‌ఖానాలు ఉంటాయి. లోపల గుత్తులు వేలాడదీస్తారు. ఎండుతున్న పండులో గాలి తప్ప కలిసేది ఇంకేమీ లేదు. వేడి క్షారజలంలో ముంచి తీసేది మూడో రకం, ఆబ్‌జోష్. ఇదేమీ కొత్త విద్య కాదు. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథం 12వ భాగంలో ద్రాక్షను బూడిద కాచిన నీళ్ళలో ముంచి ఆరబెట్టే పద్ధతి రాసిపెట్టాడు. ద్రాక్ష తొక్క మీద సన్నని మైనపు పొర ఉంటుంది. అది లోపలి నీటిని బయటికి పోనివ్వదు. క్షారం ఆ పొరను చెదరగొడుతుంది.

సాంగ్లీ, సోలాపూరు తోటల్లో నేడు చేస్తున్నదీ అదే. లీటరు నీటికి సుమారు 25 గ్రాముల పొటాషియం కార్బొనేట్, 15 మిల్లీలీటర్ల ఇథైల్ ఓలియేట్ అనే నూనె కలిపి, అందులో గుత్తులు కొద్ది నిమిషాలు ముంచి, నీడకు కట్టిన వల అరల మీద పరుస్తారు. పన్నెండు పదిహేను రోజుల్లో ఎండిపోతుంది. నాలుగు కిలోల పండుకు కిలో కిస్‌మిస్. ఇంతవరకు ఎవరికీ హాని చేసేదేమీ లేదు. చిక్కంతా రంగు దగ్గర వస్తుంది. ఎండుతున్న పండు నల్లబడుతుంది. కొనేవాడికేమో బంగారు రంగు కావాలి. దానికోసం కొన్నిచోట్ల గంధకం కాల్చి ఆ పొగ పట్టిస్తారు. ఆ పొగే సల్ఫర్ డయాక్సైడ్. ఖుబానీ విషయంలో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. హైదరాబాదులో ఖుబానీ కా మీఠాకు వాడే గింజతో ఉన్న ఖుబానీ మట్టి రంగులో ఉంటుంది. తుర్కీ నుంచి వచ్చే, గింజ తీసిన నారింజ రంగు ఖుబానీ గంధకపు పొగ పట్టినది. అందం చూసి కొనేవాళ్ళం గనుక మనకూ ఇందులో భాగముంది.

సల్ఫైట్లు జీడిపప్పు లాంటి ఎలర్జీ కారకాలు కావు. కాని ఆస్తమా ఉన్నవాళ్ళలో కొందరికి ఆయాసం తెస్తాయి. అమెరికాలో హోటళ్ళ సలాడ్లు వాడిపోకుండా ఈ మందు చల్లేవారు. ఆయాసాలు, మరణాలు బయటపడ్డాక 1986లో పచ్చిగా తినే కూరగాయల మీద, పండ్ల మీద దాన్ని నిషేధించారు. ఎండు పండ్లకు నిషేధం రాలేదు, లేబుల్ మీద చెప్పాలన్నారు. ఐరోపా సంఘం 2003లో అదే చేసింది. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబుల్ నిబంధనల్లో ఒక జాబితా ఇచ్చింది. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్య పీత జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, చెట్టుగింజలు, సోయా. చివర కిలోకు 10 మిల్లీగ్రాములు మించిన సల్ఫైట్లు. ఆ 10ని ఇంకో అంకె పక్కన పెట్టి చూడాలి. ఐరోపా నిబంధనలు ఎండుద్రాక్షలో, ఖుబానీలో అనుమతించేది కిలోకు 2000 మిల్లీగ్రాముల దాకా. చెప్పి తీరవలసిన మోతాదుకు రెండు వందల రెట్లు వేసుకోవచ్చు, చెబితే చాలు.

ఈ లేబుల్ పొట్లం కట్టిన సరుకుకే. మనలో చాలామంది కొనేది విడిగా. కొట్టువాడు జీడిపప్పులో ముంచిన గరిటెనే కిస్‌మిస్‌లోనూ ముంచుతాడు. పొట్లం మీద ఉన్నా, ఆ అక్షరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలునని నిబంధన. వేరే భాష కూడా వేయవచ్చు గాని వేసి తీరాలని లేదు. పొరుగు రాష్ట్రంలో తెలుగు ఒక్కటే చదవగల అమ్మమ్మ మనవడికి తినిపించే ముందు ఆ ఆవగింజంత అక్షరాలను ఎలా చదువుతుంది? ఇంకో విశేషం, తరిగి అమ్మే ఖర్జూరం ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా కొన్నిచోట్ల ఓట్స్ పిండో, బియ్యప్పిండో అద్దుతారు. ఓట్స్ అయితే గ్లూటెన్ పడనివాళ్ళకు అనుమానమే. ఒక్క పండే తింటున్నామనుకున్న చోట కూడా రెండో వస్తువు దూరుతుంది.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. పాయసంలోకి ముందు నేతిలో జీడిపప్పు దోరగా వేయించి తీసి, ఆ నేతిలోనే కిస్‌మిస్ వేసి అవి ఉబ్బగానే దించుతాం. తరతరాల అలవాటు. జీడిపప్పు ఏరేసి పిల్లవాడి గిన్నెలో కిస్‌మిస్ మాత్రం వేస్తే సరిపోదు, నెయ్యి అంతా జీడిపప్పుదే. వరస మార్చి కిస్‌మిస్ ముందు వేయించి ఆ గిన్నె పక్కకు తీసేస్తే సగం చిక్కు తీరుతుంది. ఖుబానీ మీఠా అయితే ఇంకా తమాషా. గింజ పగలగొట్టి లోపలి పప్పును తిరిగి పైన చల్లుతారు. అది బాదానికి దగ్గరి చుట్టం. పండు తనతోపాటే తన పప్పును తెచ్చుకుంది.

కేకుల్లో ఎండుద్రాక్ష చరిత్ర కూడా చిన్నది కాదు. మన దేశంలో తొలి క్రిస్మస్ కేకు 1883లో తలశ్శేరిలో మాంబళ్ళి బాపు చేశాడని కేరళలో చెప్పుకుంటారు. మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండు కేకు చూపించి, కిస్‌మిస్, ఖర్జూరం ఇచ్చి ఇలాంటిది చేయమన్నాడట. బ్రాందీ బదులు బాపు జీడిమామిడి పండు, అరటిపండు పులియబెట్టిన కల్లు వాడాడట. జీడి పండు కేకులోకి వెళ్ళిందన్నమాట, పప్పు కాదు.

నాకు దానికన్నా ముఖ్యమనిపించేది మొదటి ప్రపంచయుద్ధం నాటి కేకు. అమెరికా 1917లో యుద్ధంలో దిగాక హెర్బర్ట్ హూవర్ నడిపిన ఆహార శాఖ గోధుమ, మాంసం, కొవ్వు, పంచదార పొదుపు చేయమని ఇల్లాళ్ళను కోరింది. గుడ్లు, పాలు, వెన్న లేకుండా కేకు ఎలా? అప్పుడు ఇంటింటా తిరిగిన వంటకమే ‘వార్ కేక్’, యుద్ధపు కేకు. కిస్‌మిస్, బెల్లం రంగు చక్కెర, నీళ్ళు, కాస్త కొవ్వు, దాల్చిన చెక్క, లవంగాలు ఒకే గిన్నెలో మరగనిచ్చి, పూర్తిగా చల్లారాక పిండి, వంటసోడా కలిపి కాల్చడం. గుడ్డు చేయవలసిన పని సగం కిస్‌మిస్ చేసింది. ఉడికితే దాని గుజ్జు పిండిని పట్టి ఉంచుతుంది, తడి ఆరనివ్వదు. ద్రాక్షలోని పులుపు సోడాను పొంగిస్తుంది. ఇలాంటి కేకు బూజు పట్టక కొన్నాళ్ళు నిలుస్తుంది కూడా. కరువు తెచ్చిన ఆ వంటకం 1930ల మాంద్యంలో మళ్ళీ పొయ్యి ఎక్కింది. నేడు గుడ్లు, పాలు పడని పిల్లల తల్లులు అదే చేస్తున్నారు, కొందరు అది యుద్ధపు వంటని తెలియకుండానే.

మా ఇంట్లో దీన్ని వేరుశనగ నూనె మాని సూర్యకాంతం నూనెతో, చక్కెర బదులు బెల్లంతో చేస్తాం. కప్పు కిస్‌మిస్‌కు కప్పు బెల్లం, కప్పు నీళ్ళు. గోధుమ పడే ఇల్లయితే గోధుమపిండే బాగుంటుంది. పడకపోతే జొన్నపిండి; సోలాపూరులో దానికేం కొదవ! కాని జొన్నకు సాగే గుణం లేదు, కోస్తే రాలుతుంది. కిస్‌మిస్ కొంచెం ఎక్కువ వేసి, ఉడికాక సగం మెత్తగా నూరి కలిపితే ముక్క నిలుస్తుంది. ద్రాక్షే పడనివాళ్ళు కూడా అరుదుగా ఉంటారు, వాళ్ళ సంగతి వేరు.

కిస్‌మిస్ మాత్రం విడిగా కొనం. తోట దగ్గర, జీడిపప్పు మొహం చూడని షెడ్డులో, గంధకం పట్టని గోధుమరంగు సరుకు అడిగి తెస్తాం. బంగారు రంగుదానితో పోలిస్తే చూపుకు ఆనదు. ‘పొగ వేసింది ఇంతకన్నా బాగుంటుంది కదా’ అని రైతు మొదట్లో ఆశ్చర్యపోయాడు, ఇప్పుడు మా కోసం ముందే ఒక పెట్టె విడిగా తీసిపెడతాడు. ఇంటికి రాగానే కడిగిన డబ్బాలో పోసి, డబ్బా మీద మా అమ్మ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించింది: పప్పు గరిటె ముంచరాదు.